చేతులదా, చక్రానిదా

కారు స్టీరింగు మొదటిసారి బరువెక్కిన రోజున ఆమె కారును అనుమానించలేదు, తన చేతుల్ని అనుమానించింది. ఇది విని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గాని, ఆమె అక్క పోయిన తీరు చూసినవాళ్ళెవరూ నవ్వరు.

అక్కకీ అలాగే మొదలైంది. ఒకరోజు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయింది. వేళ్ళు మాట వినడం లేదని తనే నవ్వింది. మరుసటి నెల తాళంచెవి తిప్పలేకపోయింది. తర్వాత చెంచా, తర్వాత మెడ, చివరికి ఊపిరి. మొత్తం రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆవిడకి తినిపించిందీ, ఒళ్ళు తుడిచిందీ, పక్క మీద అటూ ఇటూ తిప్పిందీ చెల్లెలే. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుందనీ, చాలా కుటుంబాల్లో రాదనీ, మీ సంగతి ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఆ మాట అనేసి పక్క గదిలో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోవడం ఆయనకి తేలికే. విన్న మనిషి ఆ మాటతో కాపురం చెయ్యాలి.

ఆమె యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కాజాలు తీసే మిషను మీద పనిచేసేది. మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్న పూట వారానికి మూడు రోజులు అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళడం ఆమె వంతు. అత్తగారి కిడ్నీలు రెండూ చేతులెత్తేసి మూడేళ్ళయింది. ఇల్లేమో కొండ మీది కాలనీలో, ఆసుపత్రి కింద ఊళ్ళో, మధ్యలో పదకొండు మలుపులు. ఏడో మలుపు మరీ కంతిరీది. అక్కడ కారు దాదాపు వెనక్కి తిరిగినంత తిరగాలి, కింద నుంచి ఏం వస్తోందో మూతి బయట పెడితే గాని తెలియదు.

భర్త రంగుల మేస్త్రీ. మంచి మనిషి, పని రాక్షసుడు. ఒక్కటే రోగం: తుప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇంటి గేటుకి ఏడాదికోసారి రంగు వేసేవాడు సరే, పక్కింటి గేటుకి కూడా వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు వేసేశాడు. వాళ్ళు తిరిగొచ్చి కాసేపు తమ ఇల్లు తామే గుర్తుపట్టలేదు. ఈ మధ్య ఒక సెలవు రోజున కారు బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీ పళ్ళెం చుట్టూ తుప్పు. ఇక రోజంతా అక్కడే. అడ్డమొచ్చిన బోల్టులన్నీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, పైన నల్ల ఎనామిల్ రెండు కోట్లు వేసి, ఆరాక దేని బోల్టు దానికి బిగించాడు. అద్దంలా మెరిసింది. కారు లోపల కూడా ఇంత ముచ్చటగా ఉంచుకునేవాళ్ళెవరుంటారని అత్తగారు మురిసిపోయింది.

ఆ తర్వాతి వారమే, వాన పడుతున్న ఒక మంగళవారం పొద్దున, ఏడో మలుపులో స్టీరింగు ఆమె చేతుల్లో మొరాయించింది. తడిసిన పరుపుని పక్కకి జరిపినట్టు, ఎంత లాగినా కొంచెమే కదిలింది. రెండు క్షణాలు, మూడు క్షణాలు. మళ్ళీ అంతలోనే మామూలైపోయి చక్రం చెయ్యి జారినంత పని చేసింది. పక్క సీట్లో అత్తగారు కునుకు తీస్తోంది. మిగిలిన నాలుగు మలుపులూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగింది.

డ్యాష్‌బోర్డులో ఆ క్షణాన ఒక పసుపు దీపం వెలిగింది. ఆమె చూసింది కూడా. కాని ఆ సెకండ్‌హ్యాండ్ కారు కొన్న నాటి నుంచీ అందులో ఇంకో పసుపు దీపం ఒకటి వెలుగుతూనే ఉంది, కారు నడుస్తూనే ఉంది. అలాంటి కారులో రెండో దీపం వెలిగితే ఎవరు పట్టించుకుంటారు?

ఇంటికొచ్చాక గది తలుపు వేసుకుని చొక్కా గుండీలు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ. బాగానే వచ్చాయి. మర్నాడు కూడా వచ్చాయి. ఆ మర్నాడు ఒకటి జారింది. గుండీలన్నాక ఒకటి జారదా? జారుతుంది. కాని అనుమానం పెనుభూతం అన్నారు. ఆ రోజు వర్క్‌షాపులో ఆమె కాజా తీసిన ప్రతి చొక్కానీ దీపం కిందకి పట్టుకుని చూసింది. మరో రెండు వారాలకి ఇంట్లో గ్లాసులు జారడం మొదలైంది. భయపడే చేతిలో ఏ గ్లాసు నిలుస్తుంది గనక?

మొరాయింపు రోజూ వచ్చేది కాదు. అదే ఆమెని చంపుకు తినేది. పది మలుపులు వెన్నలా తిరిగి ఒక్కచోట బిగుసుకునేది. వాన రోజున ఎక్కువ, నెమ్మదిగా తిరిగే మలుపులో ఎక్కువ. అక్కకి కూడా ఒక రోజు బాగుండి ఒక రోజు బాగుండకపోవడమే కదా మొదట్లో. పైగా మలుపు తిప్పుతుంటే ఎదుటి రోడ్డు మీద కారు దీపాల వెలుగు మసకబారినట్టు అనిపించేది. కళ్ళకి కూడా వచ్చిందనుకుంది. కారు గురించి అసలు ఆలోచించలేదని కాదు. ఒక ఆదివారం భర్త కాలనీలోనే ఉన్న రంగుల షాపుకి కారు తీసుకెళ్ళి వచ్చినప్పుడు, ఏమీ ఎరగనట్టు స్టీరింగు ఎలా ఉందని అడిగింది.

"ఎలా ఉంటుంది, వెన్నముద్దలా ఉంది," అన్నాడాయన చెయ్యి కడుక్కుంటూ.

ఎండ రోజు, చదునైన రోడ్డు, తిన్నగా పోయి తిన్నగా వచ్చాడు. ఈ సంగతి ఆమెకి తట్టలేదు. తన చేతిలో రాయిలా ఉన్నది ఆయన చేతిలో వెన్నలా ఉంది, అంతే విన్నది. ఆ సాయంత్రం స్నానాల గదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

చెప్పేస్తే సరిపోయేదని ఎవరైనా అనొచ్చు. చెబితే ఆ రోజు నుంచి కారు ముట్టుకోనివ్వరు. అప్పుడు అత్తగారిని దింపేదెవరు? ఆయన పని పొద్దున్న ఆరింటికే మొదలవుతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు ఇద్దరూ లోయలో ఉంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నరాల డాక్టరు దగ్గర టోకెను కూడా తీసుకుంది ఒకసారి. తన నంబరు పిలిచేసరికి లేచి, తలుపు దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వస్తానని చెప్పి ఇంటికి వచ్చేసింది. అలా ఆరు వారాలు.

ఆ శనివారం మళ్ళీ వాన. అద్దాలు మసక పట్టకుండా ఏసీ వేసింది, హెడ్‌లైట్లు వేసింది, వైపర్లు గబగబా కొట్టుకుంటున్నాయి. అత్తగారు ఆ రోజు మెలకువగానే ఉంది. తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పొగరుబోతు మేక గురించి ఏదో చెబుతోంది. ఏడో మలుపు వచ్చింది. ఆమె కారు నెమ్మది చేసి, హారను కొట్టి, చక్రం తిప్పడం మొదలుపెట్టింది. సగం తిరిగాక ఆగిపోయింది.

ఈసారి మూడు క్షణాల్లో వదల్లేదు. ఆమె లాగింది. భుజం నుంచి లాగింది. చక్రం వేలెడు జరిగింది. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల ఖాళీ, మలుపు చుట్టూ తిరిగి పైకొస్తూ నీళ్ళ ట్యాంకరు. బ్రేకు తొక్కింది గాని తడి రోడ్డు మీద కారు జారుతోంది. అక్క మంచం గుర్తొచ్చింది. అక్క చెయ్యి ఆ మంచం అంచు నుంచి వేలాడుతున్న తీరు గుర్తొచ్చింది. ఇదే, ఇవాళే, అనుకుంది.

అత్తగారు మేక కథ ఆపి రెండు చేతులతోనూ చక్రం పట్టుకుంది. ఇద్దరూ కలిసి గుంజారు. కారు ముక్కు తిరిగింది, పక్క మొత్తం పిట్టగోడని రాసుకుంటూ పోయి ఆగింది. ట్యాంకరు జానెడు దూరంలో నుంచి దాటిపోయింది. దాని డ్రైవరు ఏదో అన్నాడు. ఏమన్నాడో వినపడకపోవడమే మంచిదైంది.

ముందుగా తేరుకున్నది పెద్దావిడే.

"ఇదేమిటమ్మాయ్, చక్రం ఇంత బరువుందేం?"

ఆమెకి ఆ మాట సగమే చెవికెక్కింది, ఎందుకంటే అప్పటికే అత్తగారి చెయ్యి వైపు చూస్తోంది. చక్రం వైపున్నది డయాలసిస్ చెయ్యే. సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి. దాని మీద బరువు పెట్టకూడదు, గాజు బిగుతుగా ఉండకూడదు, ఆ వైపు తిరిగి పడుకోకూడదు అని మూడేళ్ళుగా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చిన చెయ్యి. అందులో నెత్తురు పరుగెత్తుతున్నంత సేపూ తుమ్మెద రొద పెట్టినట్టు ఝుమ్మంటుంది. ఆ రొద ఆగిందంటే దారి మూసుకుపోయినట్టే. ఆమె వణుకుతున్న వేళ్ళని ఆ చేతి మీద ఆనించింది. ఏమీ తెలియలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారే ఆ వేళ్ళని పట్టుకుని కొంచెం పైకి జరిపింది.

"అక్కడ కాదు, ఇక్కడ. నీ వణుకులో నీకేం తెలుస్తుంది?"

రొద ఉంది. ఝుమ్మంటూనే ఉంది. ఆమె చాలాసేపు వేళ్ళు తియ్యలేదు.

ఇంజను ఆపి, మళ్ళీ వేసి చూస్తే చక్రం తేలిగ్గా తిరిగింది. కాసేపు చేతులకి విశ్రాంతి దొరికింది కదా, అందుకే అనుకుంది. అత్తగారికి బరువనిపించిందన్న మాట కూడా ఆమెకి ధైర్యం ఇవ్వలేదు. ఆ పెద్దావిడకి నిండు చెంబు ఎత్తితేనే ఆయాసం, ఆవిడకి ఏది బరువు కాదు? వెనక్కి పోదామంటే కారు తిప్పే చోటు లేదు, డయాలసిస్ వాయిదా వెయ్యడానికి లేదు. హెచ్చరిక దీపాలు వేసుకుని, నడిచే మనిషి కంటే నెమ్మదిగా, మిగిలిన నాలుగు మలుపులూ దిగింది. అంతసేపూ అత్తగారు ఒక చెయ్యి చక్రానికి ఆనించే ఉంచింది, ఈసారి రెండో చెయ్యి.

ఆసుపత్రిలో నర్సు ఆ చెయ్యి చూసి పరవాలేదంది. మిషనుకి కలిపి, నాలుగు గంటలు అన్నారు. ఆమె బయటికొచ్చి భర్తకి ఫోను చేసి, స్టీరింగు బిగుసుకుందని మాత్రమే చెప్పింది. చేతుల మాట ఎత్తలేదు. ఆయన ఒంటి మీద రంగు చుక్కలతోనే బస్సెక్కి వచ్చాడు. దారిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. ఊళ్ళో ఆ ఎలక్ట్రీషియన్ని అందరూ మీటరు బాబాయి అంటారు. మెళ్ళో ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు వేలాడుతుంది. అది చూసి గాని మాట్లాడడు, ఒంట్లో బాగుందా అని అడిగినా ముందు దానివైపే చూస్తాడని చెప్పుకుంటారు.

ఆసుపత్రి పార్కింగులోనే పని మొదలైంది. టైర్లలో గాలి చూశాడు. బ్యాటరీ చూశాడు, బాగుంది. ఇంజను వేయించి, మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్ కొసకీ, ఒకటి కారు ఒంటికీ ఆనించి, చక్రం ఆ చివరికీ ఈ చివరికీ తిప్పమన్నాడు. భర్త తిప్పాడు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె రెండు దాటింది.

ఇక అప్పుడు నోరు విప్పాడు. ఈ కారులో స్టీరింగుకి సాయం చేసేది నూనె కాదు, ఒక మోటారు. మనిషి కొంచెం తిప్పితే మిగతాది అది తిప్పుతుంది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడే, పెద్ద మలుపులోనే అది ఎక్కువ కరెంటు తాగుతుంది. అప్పుడే ఏసీ, లైట్లు, వైపర్లు కూడా తాగుతుంటే దానికి చాలదు. చాలనప్పుడు తనని తాను కాపాడుకోవడానికి మోటారు మానేస్తుంది, పసుపు దీపం వెలుగుతుంది. చక్రం లాక్ అవదు, ఎటు తిప్పితే అటే పోతుంది, కాని బరువంతా మనిషి మీద పడుతుంది. అలా అయితే కంగారుపడకుండా వేగం తగ్గించి, రెండు చేతులతో లాగి, పక్కన ఆపుకోవాలి. ఇంజను ఆపి తిరిగి వేస్తే మోటారు మళ్ళీ మేలుకోవచ్చు, కాని మేలుకుంది కదా అని తిరగడం కొరివితో తల గోక్కోవడమే. మలుపు తిప్పేటప్పుడు హెడ్‌లైట్లు మసకబారేవా అని ఆమెని అడిగాడు.

ఆమె తలూపింది. కళ్ళ జబ్బనుకున్నానని చెప్పలేదు.

"కరెంటు బ్యాటరీ నుంచి వెళ్ళడమే కాదు, తిరిగి రావాలి కూడా," అంటూ ఆయన బానెట్ లోపల వేలు పెట్టాడు. "ఇదిగో, ఈ ఎర్త్ తీగ కారు ఒంటికి తగిలే చోటు ఇది. ఇక్కడ ఉత్త ఇనుముండాలి. ఈ రంగు ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు రంగుల మేస్త్రీ. ఆయన గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది. "ప్రైమరు మీద రెండు కోట్లు."

మీటరు బాబాయి బోల్టు విప్పి, బ్లేడుతో గీశాడు. నల్ల పెచ్చులు లేచాయి. తీగ కొసకీ ఇనుముకీ మధ్య రంగు పొర. మొదట్లో బోల్టు మరల గుండా కాస్తో కూస్తో కరెంటు పోయేది. వాన తడికి అక్కడ కూడా చిలుము పట్టాక దారి మూసుకుపోయింది. పైన పటారం, లోన లొటారం. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మేర ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, తీగ బిగించి, పైన కాస్త గ్రీజు రాశాడు. మళ్ళీ మీటరు పెడితే అంకె సున్నాని అంటుకుని ఉంది. ఏడాదికోసారి ఈ కొసలూ బ్యాటరీ కొసలూ విప్పి శుభ్రం చేసుకోమన్నాడు, చక్రాన్ని చివరి దాకా తిప్పి అలాగే పట్టుకుని ఉంచొద్దన్నాడు, బ్రష్షు మాత్రం బానెట్ దరిదాపులకి రానివ్వొద్దన్నాడు.

రంగుల మేస్త్రీ మొహం సున్నం కొట్టినట్టయింది. తల్లినీ పెళ్ళాన్నీ లోయ అంచుదాకా తీసుకెళ్ళింది తన బ్రష్షే. ఆ సంగతి ఇప్పుడు తలకెక్కింది. పక్కన గీసుకుపోయిన తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు.

అప్పటికి అత్తగారి డయాలసిస్ అయిపోయి, చేతికి కట్టుతో వచ్చి, వాచ్‌మన్ వేసిన కుర్చీలో కూర్చుని ఉంది. అందరూ కోడలికేసి చూశారు. తిడుతుందనుకున్నారు. ఆమెకి తిట్లు రావడం లేదు. చక్రానిదే బరువని మీటరు చెబుతోంది. చెప్పనీ. మీటరు కారు గురించి చెబుతుంది గాని చేతుల గురించి చెబుతుందా? రెండూ ఒకేసారి పాడవకూడదని ఎక్కడుంది? ఆరు వారాలుగా గుండెలో తిష్ట వేసుకున్న భయం ఒక్క అంకె చూసి లేచిపోదు.

ఆ మోటారుని పూర్తిగా ఆపొచ్చా అని మీటరు బాబాయిని అడిగింది. ఫ్యూజు తీసేస్తే సరి అన్నాడాయన. తియ్యమంది. ఆయన వింతగా చూసి తీశాడు. ఆమె భర్త వైపు తిరిగింది.

"కూర్చుని తిప్పండి."

ఇరవై లీటర్ల రంగు డబ్బాలు చేతికొకటి చొప్పున పట్టుకుని మూడో అంతస్తు ఎక్కే మనిషి ఆయన. కూర్చుని ఒక చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. రెండో చెయ్యి వేశాడు. మెడ నరాలు ఉబ్బాయి, సీటు కిర్రుమంది, చక్రం మూలుగుతున్నట్టు పావు వంతు తిరిగింది. ఆమె కిటికీ దగ్గర వంగి ఆయన చేతులే చూస్తోంది. ఆ మెటికలు తెల్లబడడం చూసింది. ముంజేతులు వణకడం చూసింది.

"ఇంకోసారి."

తిప్పాడు.

"అటు వైపు కూడా."

మూడోసారి తిప్పి, ఆయాసపడుతూ, నన్ను తిట్టాలంటే తిట్టు గాని ఇదేం శిక్ష అన్నాడు. తిట్టడానికి కాదంది ఆమె. ఇంతకాలం నోట్లోనే కుక్కుకున్న మాట అక్కడ, అంతమంది ముందు, మెల్లగా బయటికొచ్చింది.

"అక్కలాగా అవుతున్నాననుకున్నాను. ఆరు వారాల నుంచి."

ఆయన అక్కని ఎరుగును. చివరి నెలల్లో మంచం మీద నుంచి కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టింది ఆయనే. చేతులు చక్రం మీద అలాగే ఉండిపోయాయి. నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే నిజమైపోతుందేమోనని."

మీటరు బాబాయి అటు తిరిగి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. కుర్చీలోంచి అత్తగారు లేచింది. కట్టున్న చెయ్యి గుండెకి ఆనించుకుని, రెండు అడుగులు వేసి, కోడలి పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

"నేనూ అదే అనుకున్నానమ్మా," అంది. "నీ చేతిలో గ్లాసులు జారుతుంటే ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. అడగడానికి ధైర్యం చాల్లేదు." తర్వాత కొడుకు వైపు వంగింది. "ఇంకోసారి తిప్పరా. నేను దగ్గర్నుంచి చూడలేదు."

ఆయన కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో చక్రం పట్టుకుని, నాలుగోసారి తిప్పాడు.